నూనె ఎప్పుడు వెయ్యాలి?

కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం, మధ్యాహ్నం వేళ. బల్ల మీద ఎవరిదో మిషన్ పేగులు బయటపెట్టుకుని పడి ఉంది. మెకానిక్ చేతిలో మాత్రం స్క్రూడ్రైవర్ లేదు, ఫోను ఉంది. అతని అక్క వచ్చి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"ఒక్క నిమిషం అక్కా, ఒక్క నిమిషం."

"ఆ ఫోను అవతల పెట్టరా. నీకో మాట చెప్పాలి."

"చెప్పు, వింటున్నా. చెవులు నీకిచ్చేశా, కళ్ళు మాత్రం ఇటు."

"అలా చెప్పే మాట కాదు. మీ బావ పొద్దున్నుంచి నీకు ఫోను చేస్తూనే ఉన్నాడు. ఎత్తవేం?"

"చేశాడు, చూశా. మధ్యలో ఎత్తితే రాసిందంతా పోతుంది. తర్వాత చేద్దామనుకున్నా."

"ఏం రాస్తున్నావు అంతగా?"

"ఏదో గ్రూపులే. మిషన్ మెకానిక్కులది."

"మా మామయ్య ఉన్న గ్రూపేనా?"

"ఉన్నాడేమో. వందలమంది ఉంటారు, ఎవడు చూశాడు?"

"అందులో ఆయనతో పొట్లాడేవాడొకడున్నాడు. 'సూది' అని పేరు పెట్టుకున్నాడు. ఎవడ్రా వాడు?"

"నాకేం తెలుసు? ఎవడో కుర్రాడయ్యుంటాడు. మాటకారి మాత్రం."

"మాటకారా?"

"అందరూ అంటున్నారు. నేననడం కాదు."

"నీ ఫోనులో పైన ఏముంది? సూది అని ఉందేం?"

"ఎక్కడ?"

"అదిగో, నీ బొటనవేలి కింద. దాచకు. వేలు తియ్యి."

"లాక్కోకక్కా, పడిపోతుంది! సరే, నేనే. నేనే సూదిని. అయితే ఏంటిప్పుడు?"

"ఏం లేదు. నాకెప్పుడో తెలుసు. నీ నోటితో నువ్వే అంటావేమోనని చూశా."

"మాస్టారు కనిపెట్టాడా? మీ మామ చెప్పాడా?"

"ఆయనేం చెప్పలేదు. చెప్పే స్థితిలో... అది సరే. అసలు దేనికి మొదలైంది ఈ గొడవ?"

"నూనెకి."

"నూనెకా?"

"ఎవడో కొత్తవాడు అడిగాడు, మిషన్‌కి నూనె పొద్దున వెయ్యాలా సాయంత్రం వెయ్యాలా అని. మీ మామ వెంటనే, సాయంత్రం దుకాణం మూసేముందు వెయ్యాలి నాయనా, రాత్రంతా లోపలికి దిగుతుంది అని పెట్టాడు. నేను పొద్దునే వెయ్యాలన్నా. రాత్రి వేస్తే కిందికి కారి, పొద్దున మొదటి గుడ్డకి మరకవుతుంది. అంతే అన్నా."

"అంతేనా?"

"'కొందరికి మరకలు వెయ్యడమూ అలవాటే, ఆ మరక ఇంకొకరి నెత్తిన రుద్దడమూ అలవాటే' అని కూడా అన్నా."

"అదీ సంగతి. ఆ డాక్టరు గారి తెల్లకోటు."

"అవును, ఆ తెల్లకోటే! ఆయన దగ్గర పని నేర్చుకునే రోజులవి. ముందు రోజు సాయంత్రం నూనె వేసింది ఆయన. పొద్దున చిరుగు కుట్టమని మిషన్ ఎక్కించింది నన్ను. మరక పడింది. దుకాణంలో జనం ఉండగా నా చెంప పగలగొట్టాడు."

"ఒక్క దెబ్బ రా."

"దెబ్బయితే మర్చిపోయేవాణ్ణి. చీపురు చేతికిచ్చి, మిషన్ ముట్టుకుంటే చేతులు విరుస్తానన్నాడు. ఆ వానాకాలం అంతా ఊడ్చా. నువ్వు అప్పటికి ఆ ఇంటి కోడలివి. లోపలి నుంచి చూస్తూ నిలబడ్డావు."

"పొద్దున మిషన్ ఎక్కేముందు పాత గుడ్డతో తుడవాలని చెప్పేవారు కదా. ఆ రోజు తుడిచావా?"

"ఇప్పుడా సంగతెందుకు? మొదటిసారి అది పెట్టగానే ఎంతమంది నవ్వారో తెలుసా? తెర నిండిపోయింది. నా జన్మలో నా మాటకి అంతమంది నవ్వలేదక్కా."

"నవ్వేసరికి ఇంకోటి రాశావు."

"రాయనా మరి? నీకు తెలీదులే. పొద్దుగూకులూ ఇక్కడే కూర్చుంటా. వచ్చినవాళ్ళు మిషన్ మొహం చూస్తారు, నా మొహం చూడరు. అక్కడ ఒక్క మాట వేస్తే చాలు, టింగుమంటుంది. ఒళ్ళు ఝల్లుమంటుంది. పొగిడితే బాగుంటుంది. తిడితే ఇంకా బాగుంటుంది."

"తిడితేనా?"

"పొగిడేవాడు వేలితో ఒక నొక్కు నొక్కి పోతాడు. తిట్టేవాడు కూర్చుంటాడక్కా. నా కోసం కూర్చుని, రాసి, చెరిపి, మళ్ళీ రాస్తాడు. నాతో కాపురం చేసిన మనిషి ఎప్పుడైనా నా గురించి అంతసేపు ఆలోచించిందా?"

"చేతుల సంగతి ఎందుకు రాశావు?"

"ఏ చేతులు?"

"నాటకాలాడకు. మామయ్యకి చేతులు వణుకుతున్నాయని, సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తున్నానని నీకెవరు చెప్పారు?"

"నువ్వే."

"ఎక్కడ చెప్పాను?"

"ఇక్కడే. ఈ స్టూలు మీదే."

"ఏడుస్తూ చెప్పాను. ఆయన అడగడానికి సిగ్గుపడి, నేను అటు వచ్చేదాకా దారం పట్టుకుని అలాగే కూర్చుంటారని చెప్పాను. దాన్ని తీసుకెళ్ళి వందలమందిలో వేశావు."

"కావాలని కాదు. నాలుక చివరికి వచ్చేసింది. ఆయనేమన్నాడో తెలుసా? 'నీకు పని నేర్పిన గురువెవరోగానీ తల దించుకోవాలి' అన్నాడు. తనేనని తెలీదు పాపం! నవ్వొచ్చింది. మండింది కూడా. రాసేశా."

"ఏమని రాశావో చదువు."

"ఎందుకిప్పుడు?"

"చెవితో వినాలనుంది. చదువు."

"'కోడలు దారం ఎక్కించి ఇస్తేగానీ సూది కనపడని చేతులు, మనకి నూనె వెయ్యడం నేర్పుతాయట.'"

"అది చదివి ఫోను బోర్లా పెట్టేశారు రా ఆయన. ఆ మర్నాటి నుంచి దుకాణం తెరవలేదు. అన్నం కలిపి పెడితే, నా చేతులంటే అసహ్యంగా ఉందా అమ్మా అన్నారు."

"అంత రోషమా?"

"ఒక్క మాట రాయి. తప్పయింది మాస్టారూ అని. ఒక్కటే మాట. ఇప్పుడే, నా ఎదురుగా."

"ఊరుకో అక్కా. నీ మాట నమ్మి నేను తల వంచాలా? దుకాణం తెరవకపోతే పోనీ, గ్రూపులో రోజూ జవాబిస్తున్నాడుగా! అసలు చేతుల మాట తర్వాతే ఆయనకి పదును వచ్చింది. అంతకు ముందు నాయనా, బాబూ అంటూ నీళ్ళు నమిలేవాడు. ఇప్పుడు చూడు. 'నీ నోటికి నూనె ఎప్పుడు వేస్తావు సూదీ, పొద్దునా సాయంత్రమా?' ఇది చదివి నేనే నవ్వాపుకోలేకపోయా."

"బాగుందా?"

"బాగుంది. ఒప్పుకోవాలి."

"నిజంగా బాగుందా?"

"నువ్వేంటి అలా మురిసిపోతున్నావు? మీ మామ కాబట్టా?"

"మెకానిక్ గారూ, మా మిషన్ అయిందా?"

"రండి టైలరమ్మా. అదిగో, బల్ల మీదున్నది మీదే."

"నిన్నా ఇలాగే విప్పి ఉంది, ఇవాళా ఇలాగే విప్పి ఉంది. రవికలు కుప్పపడిపోయాయండీ."

"షటిల్ అరిగింది, కొత్తది వేస్తున్నా. అయిపోతుంది. సాయంత్రం బిగించి, నూనె పట్టించి ఉంచుతా. రాత్రంతా దిగుతుంది. పొద్దున రండి, ఒకసారి తుడిచి ఇచ్చేస్తా."

"రేపు మాత్రం తప్పకూడదు."

"తప్పదు. వెళ్ళిరండి."

"ఏమన్నావు రా ఇప్పుడు?"

"ఏమన్నా?"

"సాయంత్రం నూనె పట్టించి, పొద్దున తుడిచి ఇస్తానన్నావు."

"అది... అలవాటు. చెయ్యి అలా పోతుంది."

"మరి గ్రూపులో?"

"గ్రూపులో సంగతి వేరు."

"అంటే ఆయన చెప్పిందే నిజం."

"అక్కడ నిజం ఎవడికి కావాలక్కా? ఇప్పుడు నూనె సంగతి ఎవడికీ గుర్తు కూడా లేదు. ఇప్పుడు ఆయనా నేనూ, అంతే. ఈ పొద్దున పెట్టింది చూశావా? అది మాత్రం బాలేదు. అది నడుం కింద దెబ్బ."

"ఏమని పెట్టారు?"

"'నీ పక్కన ఉండలేక ఒక మనిషి వేడి ఇస్త్రీపెట్టె కూడా ఆపకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నువ్వు కాలుతూనే ఉన్నావు, కమురు వాసన మాకొస్తోంది.' అక్కా, ఇస్త్రీపెట్టె సంగతి ఈ లోకంలో నీకొక్కదానికే చెప్పా."

"చెప్పావు."

"నా పెళ్ళాం నా చొక్కా మీద ఇస్త్రీపెట్టె వదిలేసి, గడప దాటింది. వాసనకి లేచా. నేనే పంపించేశానని ఊరంతా చెప్పుకున్నా. నీ దగ్గర ఒక్కదాని దగ్గరే నిజం చెప్పా. నువ్వు ముసలాయనకి చేరేశావా?"

"లేదు."

"ఒట్టు?"

"నీ మీదొట్టు. మామయ్యకి ఒక్క ముక్క చెప్పలేదు."

"మరెలా తెలిసింది?"

"నొప్పిగా ఉందా?"

"ఉండదా? పొద్దున్నుంచి ముద్ద దిగలేదు."

"అయితే ఆయనకీ అలాగే ఉంటుంది కదరా. ఇక్కడితో వదిలెయ్యి. తప్పయిందని రాయి. నేను మీ ఇద్దరి మధ్యా..."

"ఇస్త్రీపెట్టె మాట అన్నాక కూడానా? జవాబివ్వకపోతే అది నిజమని అందరూ అనుకోరూ?"

"నిజమే కదా."

"నువ్వు ఎవరి వైపు అసలు?"

"నాకు దాహంగా ఉంది. కాసిని నీళ్ళివ్వు."

"ఉండు. వెనక గదిలో ఉన్నాయి."

"గ్లాసు కడిగి తే."

"తెచ్చాలే. ఇదిగో, పట్టుకో. ఏంటది, టింగుమంది? నాదే. చూడు, చూడు! ముసలాయనే!"

"ఏమంటారు?"

"'ఏం సూదీ, ఇస్త్రీపెట్టె అనేసరికి మొన విరిగిందా?' చూశావా అక్కా? తిండి లేదు, మాట లేదు అని నువ్వు ఏడుస్తావు. గుర్రంలా ఉన్నాడు! కాలు మీద కాలేసుకుని, మీ ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాడు!"

"వరండాలోనా?"

"ఆయన చోటు అదేగా. ఉండు, దీనికి నేను పెట్టే జవాబుకి..."

"ఏం పెడతావు? ఆయన ముందు నువ్వు ఎప్పటికీ చీపురు పట్టుకున్నవాడివే."

"ఏంటీ?"

"కాదా? ఆయన తన పేరుతో రాస్తున్నారు. నువ్వు సూది చాటున దూరావు."

"దూరానా?"

"మరేమంటారు దాన్ని? అందరూ మెచ్చుకునేది సూదిని. నిన్ను కాదు. నువ్వెవరో వాళ్ళకి తెలీదు."

"పేరు పెట్టనా? పెట్టి చూపించనా?"

"వద్దు. నేను తప్పయిందని రాయమంటున్నా. నీకు పేరు పెట్టే ధైర్యం ఎలాగూ లేదు, కనీసం మర్యాదైనా మిగుల్చుకో."

"ధైర్యం లేదా? ఒక్క నిమిషం. ఒక్క నిమిషం ఆగు. బోర్డు ఫోటో తీసుకొస్తా. నా పేరూ, దుకాణం పేరూ రెండూ పడాలి."

"బాగా ఆలోచించుకో."

"ఆలోచించా. విను, ఎలా ఉందో చెప్పు. 'మాస్టారూ, ఈ సూది ఎవరో కాదు, మీ దుకాణం ఊడ్చిన శిష్యుణ్ణి. ఇదిగో నా బోర్డు. దమ్ముంటే రేపు ఇక్కడికి రండి. నలుగురి ముందూ సూదిలో దారం ఎక్కించండి. ఎక్కిస్తే మీ కాళ్ళ దగ్గర కూర్చుని పని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటా. ఎక్కించలేకపోతే దుప్పటి ముసుగేసుకుని పడుకోండి, ఇక లేవద్దు.'"

"ఆ చివరి మాట తీసెయ్."

"అదే కదా ప్రాణం!"

"తీసెయ్ రా. ఆ ఒక్క ముక్కా తీసి, తప్పయిందని రాయి. ఇంక మళ్ళీ అడగను."

"పెట్టేశా."

"పెట్టేశావా?"

"బోర్డు ఫోటోతో సహా. అబ్బా, చూడు! అప్పుడే ఎర్ర గుండె బొమ్మలు పడుతున్నాయి. ఎవడో ఈల కూడా వేశాడు. 'శిష్యుడంటే వీడు' అంటున్నాడు. చూడక్కా."

"ఇప్పుడు చెరపాలంటే కుదురుతుందా?"

"కుదిరినా లాభం లేదు. ఎవడో దీన్ని ఫోటో తీసి పక్క గ్రూపులో కూడా వేసేశాడట. పని నేర్చినవాడల్లా చూస్తాడు ఈ రాత్రికి."

"మంచిది. అయితే ఇప్పుడు నేను చెప్పడానికి వచ్చిన మాట చెప్పనా?"

"చెప్పు, చెప్పు. ఇప్పుడు ఎంతైనా వింటా."

"మామయ్య చనిపోయారు రా. తెల్లవారుతుండగా."

"ఎవరు? మాస్టారా?"

"నిద్రలోనే. లేపడానికి వెళ్తే ఒళ్ళు చల్లగా ఉంది. మీ బావ అందుకే ఫోను చేస్తున్నాడు. నువ్వు ఎత్తకపోతే, వెళ్ళి పిలుచుకురా, నాన్న తన చేతులతో వాడికి పని నేర్పారు, ముందు వాణ్ణి పిలువు అని నన్ను పంపాడు."

"ఊరుకో అక్కా. ఇలాంటివి ఆడకు. ఇందాకేగా జవాబు పెట్టాడు."

"నువ్వు నీళ్ళకి లోపలికి వెళ్ళినప్పుడా?"

"అవును, అప్పుడే! టింగుమందిగా!"

"నా సంచిలో ఉన్న ఫోను ఎవరిదో చూడు. తీసి చూడు. అద్దం పగిలిన మూల గుర్తుందా?"

"ఇది మాస్టారిది."

"ఆయన బోర్లా పెట్టేసిన రోజు నుంచి ముట్టుకోలేదు. నేనే తీశాను. ఆపరా బాబూ, ఆయన పెద్దవారు అని రాద్దామనే తీశాను, నీ మీదొట్టు. రాసేటప్పుడు వేరే మాట వచ్చింది. నోటికి నూనె మాట. గుండెలు పడ్డాయి. టింగు టింగుమంటుంటే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నా మాటకి ఎవరైనా తలెత్తి చూశారా? నువ్వు చెప్పింది నిజమే రా. ఒళ్ళు ఝల్లుమంటుంది."

"పొద్దున ఇస్త్రీపెట్టె మాట..."

"నేనే. నీకు ఒట్టు సరిగ్గానే వేశాను, ఆయనకి చెప్పలేదు. ఇంటి నిండా జనం. వంటింట్లో తలుపేసుకుని రాశాను. లోపల ఏడుస్తోంది, కదిలించకండి అన్నారు బయట."

"చచ్చిపోయిన మనిషి పేరుతో!"

"ఆయన్ని నువ్వు చంపావు కదరా. ఊరికే వదలమంటావా?"

"చెప్పాల్సింది కదక్కా! వచ్చీ రాగానే చెప్పాల్సింది కదా!"

"ఫోను అవతల పెట్టమన్నాను. ఒక్క నిమిషం అన్నావు. గుర్రంలా ఉన్నాడన్నావు. అప్పుడిక నాకు చెప్పాలనిపించలేదు. వచ్చినప్పటి నుంచీ తప్పయిందని రాయమని అడుగుతూనే ఉన్నాను. రాసి ఉంటే, మా తమ్ముడు చివరికి మామయ్య కాళ్ళు పట్టుకున్నాడని అందరికీ నేనే చెప్పుకునేదాన్ని. నువ్వేమో దుప్పటి ముసుగేసుకుని లేవద్దన్నావు. ఆయన అలాగే ఉన్నారు వెళ్ళి చూడు."

"చెరిపేస్తా. ఇప్పుడే చెరిపేస్తా. చేతులు... ఎక్కడ నొక్కాలక్కా దీన్ని?"

"చేతులు వణుకుతున్నాయా?"

"అక్కా!"

"ఆలస్యమైంది. నేను రాసింది కూడా గ్రూపులో పడిపోయింది. విను. 'మా మామగారు, మీ అందరి మాస్టారు, ఈ తెల్లవారుజామున కన్నుమూశారు. పైన ఉన్నది ఆయన శిష్యుడు, నా తమ్ముడు, ఆయన్ని సాగనంపుతూ రాసిన మాట. వీడు ఈ రోజుకీ నూనె సాయంత్రమే వేస్తాడు.'"

"తీసెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ దుకాణానికి ఇంక ఎవడూ రాడు. నేను నీ తోడబుట్టినవాణ్ణి."

"ఆయన కాళ్ళు పట్టుకోవాల్సింది. విను, విను ఆ మోత! నీ ఫోనూ నా ఫోనూ ఒక్కసారే. నా జన్మలో ఇన్ని రాలేదు."

"సరే. గెలిచావు. నువ్వే గెలిచావు. పదక్కా, మాస్టారిని చూస్తా. ఒకసారి చూస్తా. దుకాణం మూసేస్తున్నా, పద."

"ఇదిగో, గ్రూపులో వీడెవడు?"

"ఎవడైతే ఏంటి? లే."

"'మాస్టారు తెల్లవారుజామున పోతే, పొద్దునా మధ్యాహ్నం జవాబులు పెట్టిందెవరు? శవాన్ని పక్కన పెట్టుకుని కోడలేనా?' చూడు వీడి నోరు! దీనికి కూడా నవ్వుతున్నారు. అప్పుడే ఎంతమంది నవ్వారో చూడు!"

"అది నిజమేగా అక్కా. ఫోను అవతల పెట్టు. బావ ఎదురుచూస్తుంటాడు. నువ్వు వెళ్తేగానీ ఆయన్ని కదల్చరు."

"ఒక్క నిమిషం రా. ఒక్క నిమిషం."